ఆవును పితికేంతసేపు

"నన్నే పంపండి, గురువుగారూ!"

నాగదత్తుడి గొంతుకి గోశాలలో ఆవులన్నీ తలెత్తి చూశాయి.

విశాఖాచార్యులు ఆశ్రమ ద్వారం బయట నేల ఊడుస్తున్నారు. చీపురు ఆపలేదు.

"ఎక్కడికి నాయనా?"

"తెలియనట్టు అడుగుతారేమిటి! ఏలేటిపురం పెద్దలు రేపు వస్తున్నారు. రెండేళ్లుగా అక్కడ చినుకు లేదు. రాజుగారి ధాన్యపు కొట్టు తెరుస్తున్నారు. దాని తాళంచెవి పట్టుకోవడానికి మన ఆశ్రమం నుంచి ఒక మనిషిని అడుగుతున్నారు. లంచం తిననివాడు కావాలట. చుట్టరికం చూడనివాడు కావాలట. చెప్పండి, నేను కాకపోతే ఎవరు?"

"నీ పేరు నువ్వే చెప్పేశావు కదా. ఇక నన్ను అడగడం దేనికి?"

"మీరు చెప్పాలి. మీరు చెబితేనే వాళ్లు ఇస్తారు."

ఆచార్యులు నడుం నిటారు చేసుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. 

"అసలు మీరు ఊడవడం ఏమిటి? ఇలా ఇవ్వండి," అని నాగదత్తుడు చేయి చాచాడు.

"వద్దు. రోజూ పొద్దున ఇక్కడ చదవాల్సింది కొంత ఉంటుంది. అది చదువుకుంటూ ఊడుస్తాను."

"దుమ్ములో ఏముంటుంది చదవడానికి?"

ఆచార్యులు నవ్వి మళ్లీ వంగారు.

నాగదత్తుడు ఆ తాళంచెవి అడగడం అధికారం మీద మోజుతో కాదు. అతడు ఏలేటిపురంలోనే పుట్టాడు. చిన్నప్పుడు ఒకసారి ఇలాగే కరువు వచ్చింది. ఇలాగే కొట్టు తెరిచారు. అతడి తండ్రి ఖాళీ గోనె భుజాన వేసుకుని తెల్లవారకముందే వెళ్లి వరుసలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికి అధికారి బయటికి వచ్చి, "ఈ పూటకి అయిపోయింది, పొండి," అన్నాడు. ముందు గుమ్మం మూసుకుంది. అదే సమయానికి వెనక గుమ్మం తెరుచుకుంది. అధికారి బావమరుదులు, బావమరుదుల బావమరుదులు బస్తాలు మోసుకుపోయారు. తండ్రి అదే ఖాళీ గోనెతో ఇంటికి వచ్చి, దాన్ని మడతపెట్టి, మూల పెట్టి, ఏమీ మాట్లాడకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ మడత నాగదత్తుడికి ఈనాటికీ కళ్ల ముందు ఉంది.

అందుకే అతడు శాస్త్రాల్లో రాజధర్మం ఎక్కడ దొరికితే అక్కడ ఆకలిగొన్నవాడిలా మింగేశాడు. నాయకుడనేవాడు అందరి తర్వాత తినాలని ఉన్నచోట ఎగిరి గంతేశాడు. పన్ను తీసుకుని రక్షించని రాజు దొంగతో సమానమని ఉన్నచోట తోటి శిష్యుల్ని నిద్రలేపి మరీ వినిపించాడు. స్నానానికి ఏటికి వెళ్లినా, సమిధలకి అడవికి వెళ్లినా అతడి నోట నినాదాలే.

"వెనక గుమ్మం లేని రాజ్యం కావాలి!"

"నియమం లేనిచోట బలవంతుడే నియమం!"

"తాళంచెవికి చుట్టాలు ఉండరు!"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతడు చెప్పినవన్నీ నిజాలే. చెప్పినట్టే బతికాడు కూడా. దానికి సాక్ష్యం ఆ ఆశ్రమ ద్వారమే.

ఆ ద్వారానికి ఒక ఆచారం ఉంది. శాస్త్రంలో గృహస్థుకి చెప్పిన ఆచారమే. మధ్యాహ్నం వంట అయ్యాక, అగ్నిలో దేవతల భాగం వేశాక, ఎవరూ వెంటనే విస్తరి ముందు కూర్చోకూడదు. ఒకరు ద్వారం దగ్గర నిలబడి, "ఆకలితో ఉన్నవారు ఎవరున్నా రండి!" అని పిలవాలి. పిలిచి, ఒక ఆవును పితికేంతసేపు ఎదురుచూడాలి. ఆలోపు వచ్చినవాళ్లు అతిథులు. వాళ్లు తిన్నాకే తక్కినవాళ్లు.

చాలా ఇళ్లల్లో ఆ 'ఆవును పితికేంతసేపు' అన్నది ఉజ్జాయింపుగా చూసుకుంటారు. విశాఖాచార్యుల ఆశ్రమంలో మాత్రం నిజంగానే ఆవును పితికేవారు. పింగళి అని ఒక గోధుమరంగు ఆవు ఉండేది. దాన్ని పొద్దున పితకకుండా మధ్యాహ్నం దాకా ఉంచేవారు. ద్వారం పక్కన గుంజకి కట్టి, పిలుపు అవగానే పితకడం మొదలుపెట్టేవారు. ఇక ధార రాదనుకున్నాక దూడను వదిలేవారు. దూడను వదలడమే ఆలస్యం, ద్వారం మూసేవారు.

నాగదత్తుడికి ముందు ఆ పని పుష్కరుడిది. పుష్కరుడు మంచివాడు, బద్ధకస్తుడు. ఒకరోజు పిలవడం మరిచిపోయేవాడు. ఇంకోరోజు దారిన పోయేవాళ్లతో కబుర్లలో పడి మూయడం మరిచిపోయేవాడు. ఆశ్రమానికి నెయ్యి పంపే షావుకారు వస్తే మూసిన తలుపు మళ్లీ తెరిచేవాడు.

నాగదత్తుడు వచ్చాక అవన్నీ పోయాయి. రోజూ ఒకే వేళకి పిలుపు. ఒకే గొంతు, ఒకే నియమం. ఒకసారి ఆ నెయ్యి షావుకారే తలుపు మూసిన మరుక్షణం వచ్చి, "నేనయ్యా, బెల్లం బుట్టతో వచ్చాను," అని అరిచాడు.

"బుట్టలో బెల్లం ఉన్నా బంగారం ఉన్నా రేపు రండి," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. తలుపు కదల్లేదు.

శిష్యులందరూ చప్పట్లు కొట్టారు. ఆచార్యులు మాత్రం మజ్జిగ తాగుతూ ఏదో ఆలోచిస్తూ ఉండిపోయారు.

ఆ సాయంత్రం నాగదత్తుడు ఉండబట్టలేక అడిగాడు. "నేను తప్పు చేశానా గురువుగారూ?"

"షావుకారు విషయంలోనా? లేదు నాయనా. నీ పిలుపు ఎంత దూరం వినపడుతుంది?"

నాగదత్తుడి ఛాతీ ఉప్పొంగింది. "గుట్ట మలుపు దాకా వినపడుతుందట. కట్టెలు కొట్టేవాళ్లు చెప్పారు. పుష్కరుడి గొంతు మన కంచె కూడా దాటేది కాదు!"

"గుట్ట మలుపు దాకా," అన్నారు ఆచార్యులు. 

నాగదత్తుడు తాళంచెవి అడిగిన మర్నాడు ఏలేటిపురం పెద్దలు ఎద్దులబండిలో దిగారు. పురపెద్ద మారయ్య ముందు, మిగతావాళ్లు వెనక. మారయ్య నడుముకి జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి వేలాడుతోంది. నడుస్తుంటే అది తొడకి తగిలి చప్పుడు చేస్తోంది. నాగదత్తుడి చూపంతా దాని మీదే.

ఆచార్యులు అందర్నీ పందిట్లో కూర్చోబెట్టారు. గురుపత్ని భద్రమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

"స్వామీ, మాకు పండితుడు అక్కర్లేదు," అన్నాడు మారయ్య మొదటే. "పండితులు మా ఊళ్లో కూడా ఉన్నారు. రోజూ వాదించుకుంటారు. మాకు తలుపు మూయగలిగినవాడు కావాలి. మా ఊళ్లో తలుపు తీసేవాళ్లకి కొదవ లేదు. ఎవడు వచ్చి అన్నయ్యా అన్నా తీసేస్తారు."

నాగదత్తుడు ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"నన్ను అడగండి!"

మారయ్య అతణ్ణి ఎగాదిగా చూశాడు. "సరే. కొట్టు ఎప్పుడు తెరుస్తావు? ఎప్పుడు మూస్తావు?"

"సూర్యుడు కనపడగానే తెరుస్తాను. గుమ్మం ముందు ఒక రాయి పాతుతాను. కొట్టు నీడ ఆ రాయిని తాకగానే మూస్తాను. ఏ రోజైనా అంతే. ఎవరికైనా అంతే."

"నా కొడుకు ఆలస్యంగా వస్తే?"

"మూసే ఉంటుంది."

"నేనే వస్తే?"

"మీకైతే రెండుసార్లు గడియ వేస్తాను. ఊరికి పెద్ద మీరు. మీరే ఆలస్యంగా వస్తే ఎలా?"

పందిరి గొల్లుమంది. మారయ్య తొడ చరుచుకున్నాడు. "అదీ మాట! స్వామీ, మనిషి దొరికాడు. ఇక మేము బయలుదేరతాం." అంటూనే తాళంచెవి తాడు విప్పబోయాడు.

మూల పెట్టిన గోనె, గోడకి ఆనుకున్న తండ్రి, వెనక గుమ్మం, అన్నీ ఒక్కసారిగా నాగదత్తుడి కళ్ల ముందు తిరిగాయి. 'ఆ గుమ్మాన్ని ఇటుకలతో కట్టేస్తాను,' అనుకున్నాడు. 'మొదటి రోజే కట్టేస్తాను!'

"తొందరేముంది మారయ్యా," అన్నారు ఆచార్యులు. "వంట అయింది. భోంచేసి మాట్లాడుకుందాం. నాయనా నాగదత్తా, పిలుపు వేళయింది. ఈ పూట పింగళిని నేను పితుకుతాను."

పుష్కరుడు నవ్వాపుకుంటూ పక్కవాడి చెవిలో గొణిగాడు. "అదేమంత పని! ఈ మధ్య నాగదత్తుడు పిలిచి నోరు మూసేలోపే పింగళి పని అయిపోతోంది. వానలు లేక దానికి మేతే లేదు, పాలెక్కడివి? మన కడుపులకి మంచిదేలే. విస్తరి తొందరగా పడుతోంది."

నాగదత్తుడు ద్వారం దగ్గర నిలబడ్డాడు. ఊపిరి నిండా తీసుకున్నాడు. ఊరి పెద్దలు చూస్తున్నారు. ఆ రోజు పిలిచినంత బాగా అతడు ఎన్నడూ పిలవలేదు.

"ఆకలితో ఉన్నవారు ఎవరున్నా రండి!"

ఎండిపోయిన ఏటిని దాటి, ఆకు రాలిన చెట్లని దాటి ఆ పిలుపు వెళ్లి గుట్టకి తగిలి తిరిగి వచ్చింది.

ఆచార్యులు పింగళి పక్కన గొంతుక్కూర్చున్నారు. చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. పొదుగు కడిగి, నాలుగు ధారలు పితికారు. చెంబు అడుగు తడిసింది. ఇంకో రెండు ధారలు. అంతే. పొదుగు ఖాళీ తోలుసంచిలా వేలాడింది.

పుష్కరుడు దూడను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాగదత్తుడు తలుపు మీద చేయి వేశాడు.

"ఆగు," అన్నారు ఆచార్యులు. "ఇంకా అవలేదు."

ఆయన వేళ్లు చన్నుల మీద మెల్లగా కదులుతూనే ఉన్నాయి. పింగళికి నొప్పి తెలియనంత మెల్లగా. ఒక్క బొట్టు రాలేదు.

కాసేపు గడిచింది. ఇంకాసేపు గడిచింది. పింగళి వెనక్కి తిరిగి ముసలాయన్ని ఒకసారి చూసింది. మళ్లీ నెమరు వేసుకుంది.

వంటింట్లోంచి భద్రమ్మ తొంగి చూసింది. "ఏమండీ, పప్పు గడ్డకడుతోంది."

"కట్టనీ."

"అన్నం కూడా చల్లారిపోతోంది."

"పరవాలేదమ్మా," అన్నాడు పుష్కరుడు. "ఇంకాస్త ఆగితే చద్దన్నమే తినొచ్చు."

పందిట్లో పెద్దలు కదలడం మొదలుపెట్టారు. ఎవరిదో కడుపు గట్టిగా అరిచింది. ఎవరిదో తెలియకుండా అందరూ పక్కవాడి వైపు చూశారు. మారయ్య లేచి వచ్చాడు.

"స్వామీ, మీరు పిలిచింది ఆకలిగొన్నవాళ్లనే కదా? మేము కూడా వాళ్లలోనే చేరిపోయాం. అతిథులమే కదా, మాకు పెట్టేయండి."

"మీరు బండిలో వచ్చారు," అన్నారు ఆచార్యులు తలెత్తకుండా. "నడిచి వచ్చేవాళ్ల కోసం చూస్తున్నాను."

"ఎవరు వస్తున్నారు? దారి మీద కాకి కూడా లేదు!"

ఆచార్యులు పితకడం ఆపలేదు. మారయ్య ముఖం ఎర్రబడింది. తాళంచెవి తాడు మళ్లీ బిగించుకున్నాడు. "పొద్దు వాలేలోగా ఊరు చేరాలి స్వామీ. ఏరు దాటితే ఇంకో ఆశ్రమం ఉంది. అక్కడ అడుగుతాం. ఒరేయ్, బండి కట్టండ్రా!"

ఆ మాటతో నాగదత్తుడిలో కట్ట తెగింది.

"గురువుగారూ! ఏం చేస్తున్నారు మీరు? ఇది నియమభంగం!"

"పితుకుతూనే ఉన్నాను కదా నాయనా. భంగం ఎక్కడ?"

"పాలు లేవు! దానికి లేవు! అందరికీ కనపడుతోంది. నిన్న ఎంతసేపు ఆగామో ఈ రోజూ అంతే ఆగాలి. మీకు తోచినంతసేపు తెరిచి ఉంచితే ఇక నియమం ఎందుకు? మనసుకి తోచినప్పుడు తెరిచి, తోచినప్పుడు మూసే తలుపు వెనకే మా నాన్న..." చేయి చాచి బండి వైపు చూపించాడు. "వాళ్లు వెళ్లిపోతున్నారు. ఊరు ఊరంతా ఆకలితో ఉంది. నేను వెళ్లాలి. మీకు పట్టదా?"

ఆ ఆశ్రమంలో గురువు ముందు ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు.

ఆచార్యులు కొంచెం పక్కకి జరిగారు.

"నా వేళ్లు నొప్పెడుతున్నాయి. ఇలా వచ్చి కూర్చో. కాసేపు నువ్వు పితుకు."

నాగదత్తుడు కోపంతో ఊగిపోతున్నాడు. అయినా గురువు మాట. వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఆ ఎండిపోయిన చన్నులు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి ఎవరికీ కనపడకుండా తల వంచుకున్నాడు.

అలా వంచుకుంటే పింగళి పొట్ట కింది నుంచి ద్వారం బయటి నేల కనిపించింది. గురువుగారు ఈ పొద్దు ఆ నేలను ఊడవలేదు.

దుమ్ములో పాదాల గుర్తులు ఉన్నాయి. గుట్ట వైపు నుంచి వచ్చాయి. ఒక జత పాదాల పక్కన కర్ర పోటు గుంతలు. ఇంకో జత బరువుగా, కాళ్లు ఈడ్చినట్టు ఉన్నాయి. నేరుగా గడప దాకా వచ్చాయి. గడప దగ్గర ఆగిపోయాయి. ఆ పక్కన దుమ్ము నున్నగా అణిగి ఉంది, ఎవరో చాలాసేపు కూర్చున్నట్టు. ఆ తర్వాత అవే పాదాలు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి.

నాగదత్తుడి వేళ్లు ఆగాయి.

"ఇవి ఎవరివి గురువుగారూ?"

"నువ్వు చదువుకున్నవాడివి," అన్నారు ఆచార్యులు. "నువ్వే చదువు."

నిన్న పొద్దున ఊడ్చాక పడ్డ గుర్తులు, అంటే నిన్నటివి. కానీ నిన్న అతడు పిలిచాడు. ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. దూడను వదిలారు, తలుపు మూశాడు. ఈ పాదాలు ఎప్పుడు వచ్చాయి? అందరూ లోపల భోంచేస్తున్నప్పుడా? అతడు విస్తరి ముందు కూర్చుని రాజధర్మం గురించి మాట్లాడుతున్నప్పుడా?

రోజూ పొద్దున చీపురు పట్టుకుని గురువుగారు చదువుకున్నది గుర్తొచ్చింది.

"వస్తున్నారు," అన్నాడు పుష్కరుడు, దూడను పట్టుకునే.

గుట్ట దారి మీద ఇద్దరు మనుషులు. ఒక ముసలామె, కర్ర ఊతంగా నడుస్తూ. ఆమె భుజం పట్టుకుని ఒక పడుచు. నిండు చూలాలు. నాలుగు అడుగులు వేయడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ నాలుగు అడుగులు. ఎద్దుల మెడ మీద కాడి పెడుతున్న బండివాడు అలాగే నిలబడిపోయాడు.

వాళ్లు గడప దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ముసలామె తెరిచి ఉన్న ద్వారాన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమే గంగీ, తీసే ఉందే!"

నాగదత్తుడు లేచి ఎదురు వెళ్లాడు.

"రోజూ వస్తున్నావా అమ్మా?"

"రోజూ రాలేం బాబూ. దీనికి ఓపిక ఉన్న రోజున వస్తాం. పిలుపు వినపడగానే లేస్తాం. ఆ పిలిచే అబ్బాయిది ఏం గొంతయ్యా! మా గుట్ట మలుపులో కూర్చుంటే పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. ముందు పిలిచే ఆయనది మాకు వినపడేదే కాదు. ఈ అబ్బాయి వచ్చాకే మాకు ఈ ఇల్లు ఒకటుందని తెలిసింది."

"మరి... ఎప్పుడూ కనపడలేదే?"

"మొదట్లో వచ్చాం కదా! పదిమందిలో కూర్చుని తిని వెళ్లాం, ఎవరి ముఖమూ సరిగ్గా చూసుకోలేదు. కోడలు అప్పుడు చకచకా నడిచేది. ఈ మధ్య ఎంత తొందరగా లేచినా మేము వచ్చేసరికి మూసేస్తున్నారు. మా కాళ్లే నెమ్మదించాయో, మీ ఆకలే ఎక్కువైందో!" ముసలామె పళ్లు లేని నోటితో నవ్వింది. "తప్పుగా అనుకోకు బాబూ. కరువు రోజులు. ఎవరి కడుపు వాళ్లది."

"తలుపు తట్టొచ్చు కదా అమ్మా? ఒక్కసారి తడితే..."

ఆమె నవ్వు ఆగింది. కర్ర మీద నిటారుగా నిలబడింది.

"మూసిన తలుపు తడితే అది అడుక్కోవడం. పిలిచిన ఇంటికి వస్తే అది చుట్టరికం. మేము అడుక్కునేవాళ్లం కాదు బాబూ. అదిగో, అక్కడ కాసేపు కూర్చుంటాం. దీనికి కాస్త ఆయాసం తగ్గాక వెళ్లిపోతాం."

ఆమె చూపించిన చోట దుమ్ము నున్నగా అణిగి ఉంది.

"ఇంతకీ ఆ పిలిచే అబ్బాయి ఏడీ? ఒకసారి చూసి దీవిద్దామని."

నాగదత్తుడు నోరు తెరిచాడు. గుట్ట మలుపు దాకా వెళ్లే ఆ గొంతు పెదవులు దాటి రాలేదు.

"లోపలికి తీసుకురా నాయనా," అన్నారు ఆచార్యులు. "కాళ్లకి నీళ్లివ్వు."

నాగదత్తుడు చెంబుతో నీళ్లు తెచ్చాడు. ముసలామె వద్దు వద్దంటున్నా వంగి ఆమె పాదాలు కడిగాడు. గంగి పాదాలు ఉబ్బి ఉన్నాయి. మడమల పగుళ్లలో గుట్ట ఎర్రమట్టి ఇరుక్కుంది. అది పోయేదాకా కడిగాడు. ఎంతసేపు కడిగాడంటే, చివరికి ఆ పిల్ల సిగ్గుపడి, "చాలు అన్నా," అంది.

విస్తర్లు వేశారు. మొదటి వరుసలో ఆ ఇద్దరూ, వాళ్ల పక్కన ఊరి పెద్దలు. మారయ్యకి ముసలామె పక్కన చోటు దొరికింది. చల్లారిన అన్నం, గడ్డకట్టిన పప్పు. గంగి రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడితే మారయ్యే, "ఇటు వడ్డించండమ్మా, ఈ బిడ్డకి ఇంకొంచెం," అని కేకేశాడు. ఎద్దుల కాడి మళ్లీ దించేశారు.

తర్వాత శిష్యులు తిన్నారు. భద్రమ్మ తిన్నది. నాగదత్తుడి విస్తరి అలాగే ఉంది.

"వాడేడీ?" అంది భద్రమ్మ.

నాగదత్తుడు పింగళి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్లు మెల్లగా కదులుతున్నాయి. ద్వారం బార్లా తెరిచే ఉంది. అతడి కళ్లు గుట్ట దారి మీద ఉన్నాయి.

మారయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, అందరూ తినేశారు. ఇంకా ఏం పితుకుతున్నావు?"

"ఇంకా అవలేదు," అన్నాడు నాగదత్తుడు.

మారయ్య తాళంచెవిని చేత్తో అటూ ఇటూ తిప్పాడు. "చూడు బాబూ, ఊరికి వెళ్లాక నలుగురూ నన్ను అడుగుతారు. పొద్దున చెప్పిన మాట మీదే ఉన్నావా? నీడ రాయిని తాకగానే మూసేస్తావా?"

నాగదత్తుడు వెంటనే చెప్పలేదు. ఎప్పుడూ జవాబు నాలుక చివర ఉండే మనిషి.

"కొట్టుకి వెనక గుమ్మం ఉంది కదా?" అన్నాడు చివరికి.

"ఉంది."

"దాన్ని ఇటుకలతో కట్టేయాలి. అందులో మార్పు లేదు."

"మంచిది. మరి ముందు గుమ్మం?"

"ఏలేటిపురంలో కొట్టుకి అందరికంటే దూరంగా ఉన్న ఇల్లు ఎవరిది?"

మారయ్య బుర్ర గోక్కున్నాడు. "అందరికంటే దూరమంటే... చెరువు అవతల మిట్ట మీద ఒక కుమ్మరి ఉండేవాడు. పక్షవాతం వచ్చి కాలు పడిపోయింది. పెళ్లాం పోయింది. ఇప్పుడు ఉన్నాడో లేడో." ఆగాడు. "కనుక్కోవాలి."

"కనుక్కోండి," అన్నాడు నాగదత్తుడు. "ఎంతసేపట్లో రాగలడో కూడా కనుక్కోండి."

మిట్ట మీది కుమ్మరి చేసిన కుండల్లోనే ఒకప్పుడు తన పెళ్లి వంట అయిందన్న సంగతి మారయ్యకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. తాడు విప్పి తాళంచెవిని నాగదత్తుడి ముందు నేల మీద పెట్టాడు. పొద్దున ఆ ఇనుప ముక్క కోసం ప్రాణం పెట్టినవాడు ఇప్పుడు దాన్ని చూసి భయపడ్డాడు. వెంటనే తీసుకోలేదు. గురువుగారి వైపు చూశాడు.

ఆచార్యులు అప్పటికే చీపురు తీసుకుని బయటికి వెళ్తున్నారు.

"స్వామీ!" మారయ్య వెనకాలే పరుగెత్తాడు. "మీరు ఒక్క మాట చెప్పండి. ఈ కుర్రవాణ్ణి మాకు ఇస్తున్నట్టేనా?"

"ఇస్తున్నాను."

"ధన్యులం స్వామీ. ఇంకేమైనా ఆజ్ఞ ఉందా?"

ఆచార్యులు గడప బయట ఆగారు. ముసలామె పాదాల గుర్తుల మీద చీపురు వేయబోయి, పక్కకి జరిగి, తక్కిన నేల ఊడవడం మొదలుపెట్టారు.

"ఆ ఆవును కూడా తోలుకెళ్లండి," అన్నారు.

మారయ్య తెల్లబోయాడు. "పింగళినా? వట్టిపోయిన ఆవును ధాన్యపు కొట్టు దగ్గర పెట్టుకుని మేమేం చేసుకోవాలి స్వామీ?"

వెనక ఇనుము గుంజకి తగిలిన చప్పుడైంది. మారయ్య తిరిగి చూశాడు.

నాగదత్తుడు తాళంచెవి నడుముకి కట్టుకున్నాడు. వంగి, పింగళి పలుపు ముడి విప్పుతున్నాడు.